చేతులు వణుకుతున్నయని వచ్చినవాళ్లను ఓపీలో ఎట్లా విడదీయాలి? పరీక్ష, మందులు, పొరపాట్లు

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
అందరికీ నమస్కారం. "చేతులు వణుకుతున్నయి సారూ" అని ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి అంతకు ముందే ఎవరో "నరాల వీక్‌నెస్" అని పేరు పెట్టేసి ఉంటారు. ఎర్ర రంగు బీ12 సూదులు పదేసి పడి ఉంటాయి. మా దగ్గర టార్చి, సుత్తి, బీపీ మిషను, గ్లూకోమీటరు తప్ప ఏమీ లేవు. వరంగల్ పంపాలంటే రోగికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. ఎవరిని పంపాలి, ఎవరికి ఇక్కడే మందు మొదలుపెట్టవచ్చు, పరీక్ష ఏ వరుసలో చేయాలి? వివరంగా చెప్పగలరు.

న్యూరో_హన్మకొండ
వణుకు కంటితో చూసి పోల్చుకునే జబ్బు. స్కానింగ్ అవసరమయ్యేది కొద్దిమందికే. చేయి ఎప్పుడు వణుకుతోంది అన్న ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు దొరికితే సగం పని అయినట్టే. ఒళ్లో ఊరకే పెట్టుకున్నప్పుడా, చాచి పట్టుకున్నప్పుడా, పని చేస్తున్నప్పుడా?

ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. చేతులు తొడల మీద పూర్తిగా వదిలేయమనండి. కళ్లు మూసుకొని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి. నిమిషం పాటు చేతులనే చూడండి. పార్కిన్సన్స్ వణుకు మనసు వేరే పనిలో పడ్డప్పుడు బాగా బయటపడుతుంది. సాధారణంగా ఒక చేతికి ముందు మొదలవుతుంది, బొటనవేలు చూపుడువేలు కలిసి గోలీ చుడుతున్నట్టు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఆడతాయి. తర్వాత వరండాలో నడిపించండి. వేలాడే చేయి వణుకుతోందా, ఊగాల్సిన చేయి ఊగకుండా ఒంటికి అతుక్కుందా చూడండి. తొందరలో వదిలేసేది ఈ నడక పరీక్షనే.

రెండోది, రెండు చేతులూ ముందుకు చాపించండి. ఇక్కడ గడియారం చూడాలి. ఎసెన్షియల్ ట్రెమర్‌లో (చేతులు వాడేటప్పుడు వణికే, తరచూ వంశంలో వచ్చే జబ్బు) చేయి చాపిన క్షణం నుంచే వణుకు ఉంటుంది. పార్కిన్సన్స్‌లో చాపగానే ఆగిపోయి, కొన్ని సెకన్లు గడిచాక మళ్లీ మొదలవుతుంది. ఐదు సెకన్లకే "సరే, దించండి" అంటే ఆ తేడా దొరకదు. కనీసం 20 సెకన్లు ఉంచాలి. తర్వాత మోచేతులు మడిచి, రెండు చేతుల వేళ్లు ఛాతీ ముందు ఎదురెదురుగా దాదాపు తాకేలా పెట్టించండి. కొందరికి ఈ భంగిమలోనే బాగా తెలుస్తుంది.

మూడోది పని. నీళ్లున్న గ్లాసు నుంచి ఖాళీ గ్లాసులోకి పోయించండి. మీ వేలు, వాళ్ల ముక్కు ఒకదాని తర్వాత ఒకటి ముట్టించండి. వేలు గమ్యం దగ్గరికి వచ్చేకొద్దీ ఊపు పెరిగితే చిన్నమెదడు వైపు ఆలోచించాలి.

చివరగా బొటనవేలు, చూపుడువేలు వెడల్పుగా తెరిచి మూస్తూ పదిహేను సార్లు తట్టించండి. రానురాను ఆ తెరుచుకోవడం చిన్నదైపోతే అది మాంద్యం, అంటే కదలికలు మెల్లగా, చిన్నగా అయిపోవడం. మాంద్యం లేకుండా పార్కిన్సన్స్ అని పేరు పెట్టకూడదు, వణుకు ఎంత ఉన్నా సరే.

కేఎంసీ_పీజీ
సార్ చెప్పినదానికి కాగితం పరీక్ష కలుపుతాను. తెల్ల కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీయించాలి, మధ్య నుంచి బయటికి. ముంజేయి గానీ మణికట్టు గానీ బల్లకు ఆనకూడదు. ఆనిస్తే చిన్న వణుకు దాక్కుంటుంది. కుడి, ఎడమ రెండు చేతులతోనూ. ఎసెన్షియల్ ట్రెమర్ గీతలో అలలు ఒకే దిశలో పేర్చినట్టు వస్తాయి, ఉదాహరణకు అన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి. డిస్టోనియా (కండరాలు వాటంతట అవే బిగిసి మెలితిరిగే జబ్బు) వణుకైతే అలలు క్రమం లేకుండా, ఒక్కోచోట మొరటుగా గుంజినట్టు ఉంటాయి. పార్కిన్సన్స్ చుట్ట చిన్నగా, ఇరుకుగా ముడుచుకుంటుంది.

మన లిపి ఈ పరీక్షకు చాలా అనుకూలం. ఇంచుమించు ప్రతి అక్షరంలోనూ గుండ్రం ఉంటుంది. "అమ్మ అన్నం పెట్టింది" అని ఐదు వరుసలు రాయించండి. మొదటి వరుసలో సున్నా బఠాణీ గింజంత ఉండి ఐదో వరుసకు ఆవగింజంత అయితే మాంద్యం. సున్నా సైజు తగ్గకుండా అంచంతా రంపపు పళ్లలా వస్తే ఎసెన్షియల్ ట్రెమర్. చదువు రానివాళ్లకు చుట్ట చాలు.

అన్నట్టు, 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఎసెన్షియల్ ట్రెమర్ అనాలంటే రెండు చేతులకూ పనివేళ వణుకు కనీసం 3 ఏళ్లుగా ఉండాలి, వేరే నరాల లక్షణాలు ఉండకూడదు. తల, గొంతు వణకవచ్చు. ఆరు నెలల వణుకుకు ఆ పేరు రాయడం తొందరపాటే.

గోలీల_షాపు_కాజీపేట
డాక్టర్లందరికీ ఒక విన్నపం. చెయ్యి చూసేకంటే ముందు సంచి చూడండి. ఇంట్ల ఉన్న గోలీ షీట్లన్నీ, ఖాళీ అయినవి కూడా, తెమ్మని చెప్పండి. "ఏం మందులు వాడుతున్నవ్" అని అడిగితే షుగర్, బీపీ గోలీలే చెప్తరు. గ్యాస్ గోలీ, తల తిరుగుడు గోలీ, ఆయాసం గోలీ వాళ్ల లెక్కల మందులే కావు.

గ్యాస్ గోలీతోనే ఎక్కువ చిక్కు. రాబెప్రజోల్, పాంటోప్రజోల్ పక్కన లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. కలిపిన క్యాప్సూల్స్ నెలల తరబడి వాడుతరు. పొద్దున పరగడుపున ఒకటి, ఏండ్లకేండ్లు. లెవోసల్పిరైడ్ మెదడుల డోపమైన్ గ్రాహకాలను మూస్తది. అచ్చం పార్కిన్సన్స్ లెక్కనే వణుకు, బిగుసుడు, నడక మెల్లగవుడు వస్తయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, తల తిరుగుడుకిచ్చే సిన్నరిజిన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లునరిజిన్ కూడా ఆ జాబితాలవే. షీటు వెనక చిన్న అక్షరాలు చదవాలె, ముందు వైపు బ్రాండ్ పేరు చూస్తే తెల్వదు.

చేతులు చాపినప్పుడు సన్నగ వణికిచ్చేవి వేరే ఉన్నయి. సాల్బ్యుటమాల్, థియోఫిలిన్ కలిసిన ఆయాసం గోలీలు, ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రోయేట్, డిప్రెషన్ గోలీలు, స్టెరాయిడ్లు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నోళ్లు వాడే టాక్రోలిమస్ కూడా. థైరాయిడ్ గోలీ డోసు ఎక్కువైనా అంతే.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
లెవోసల్పిరైడ్ ఆపితే ఎన్ని రోజులకు తగ్గుతుంది? ఆలోపు పార్కిన్సన్స్ మందులు సిండోపా గానీ పాసిటేన్ గానీ ఇవ్వాలా?

న్యూరో_హన్మకొండ
చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఆరు నెలలు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. పది రోజులకే "తగ్గలేదు" అని సిండోపా ఎక్కించడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. తర్వాత తగ్గింది మందు ఆపినందుకో, మందు వేసినందుకో ఎవరూ చెప్పలేరు. రోగి మాత్రం జీవితాంతం సిండోపా మీద ఉండిపోతాడు. ముసలివాళ్లకు పాసిటేన్ అసలే వద్దు. మతిమరుపు, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, లేని మనుషులు కనిపించడం వస్తాయి.

మానసిక జబ్బుకు రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ వాడేవాళ్లవి మాత్రం మీరు ఆపకండి. మానసిక వైద్యుడితో మాట్లాడి మార్పించాలి.

ఆరు నెలలైనా తగ్గకపోతే, లేదా మొదటి నుంచీ ఒక పక్కే ఎక్కువగా ఉంటే, లోపల దాగిన పార్కిన్సన్స్‌ను మందు బయటపెట్టి ఉండవచ్చు. ట్రోడాట్ స్కాన్ నిజంగా పనికొచ్చేది అలాంటివాళ్లకే. కేవలం మందు వల్ల వచ్చినదైతే స్కాన్ మామూలుగా ఉంటుంది, పార్కిన్సన్స్ అయితే డోపమైన్ కేంద్రాలు మసకబారి కనిపిస్తాయి. దాని కోసం హైదరాబాద్ పోవాలి, ఖర్చుతో కూడిన పని. అందరికీ రాయకండి. పార్కిన్సన్స్‌ను సాదా ఎంఆర్‌ఐ చూపించదు, "ఎంఆర్‌ఐ నార్మల్ కాబట్టి ఏమీ లేదు" అన్న మాట తప్పు.

మనసు_డాక్టర్_నిజామాబాద్
మన జిల్లాల్లో తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇంకా రాలేదు. సారా, బ్రాందీ సరే, కల్లు సంగతి? ఎక్కడి కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరి సీసా ఎప్పుడు తాగారు?

చెట్టు కల్లుకు, దుకాణంలో కలిపిన కల్లుకు చాలా తేడా ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. దుకాణం మూతపడ్డా, రోగి ఊరు మారినా, ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరినా, ఒకటి రెండు రోజుల్లో చేతులు, నాలుక వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ వస్తాయి. వాళ్లకు ఇచ్చి తగ్గించుకుంటూ రావాల్సిన మందు ఆ జాతిదే, డయాజిపాం లేదా లోరాజిపాం. ప్రొప్రనొలాల్ ఇచ్చి పంపితే వణుకు, గుండె దడ కనపడకుండా పోతాయి, ఫిట్స్ ముప్పు మాత్రం అట్లాగే ఉంటుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు.

సారా మానేసినవాళ్లకు వణుకు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. 48 నుంచి 96 గంటల మధ్య మతి తప్పి గడబిడ అయ్యే దశ రావచ్చు. గ్లూకోజ్ బాటిల్ పెట్టే ముందు థయమిన్ (విటమిన్ బీ1) సూది వేయండి.

మానసిక జబ్బుకు లిథియం వాడేవాళ్ల గురించి ఒక మాట. సన్నని వణుకు మామూలు డోసులోనూ ఉంటుంది. అదే మొరటుగా మారి, మాట ముద్దగా వచ్చి, నడక తూలితే, విరేచనాలు కూడా తోడైతే రక్తంలో లిథియం పెరిగిందనే అనుకోండి. లీటరుకు 1.5 మిల్లీఈక్వివలెంట్లు దాటితే విషమే. మే నెల ఎండల్లో నీళ్లు చాలక, దానికితోడు ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకుంటే ఇట్టే పెరుగుతుంది.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
"రెండు గుటకలు వేస్తే వణుకు తగ్గుతది" అంటే ఎసెన్షియల్ ట్రెమరే అనుకోవచ్చా?

మనసు_డాక్టర్_నిజామాబాద్
అనుకోవద్దు. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లలో సగానికి పైగా తగ్గుతుందంటారు నిజమే. కానీ తాగుడు మానలేనివాళ్ల పొద్దుటి వణుకు కూడా గుటక వేస్తే తగ్గుతుంది. రెంటినీ విడదీసేది వయసు, వంశం, మొదలైన తీరు. తండ్రికో, మేనత్తకో ఉందా? తాగుడుకు ముందే ఉందా? ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ మత్తు దిగాక మరుసటి రోజు వణుకు ఇంకా పెరుగుతుంది, అట్లా అలవాటు ముదిరిపోతుంది. రోగికి ఇది విడమరచి చెప్పండి.

కేఎంసీ_పీజీ
వణుకని పంపినవాళ్లలో కొందరిది అసలు వణుకే కాదు. చేతులు చాపి మణికట్టు పైకెత్తిస్తే ఉండి ఉండి చేయి జారిపడి మళ్లీ లేస్తుంది, రెక్క కొట్టినట్టు. కాలేయం, కిడ్నీ చెడినవాళ్లలో ఇది వస్తుంది. డయాలసిస్ వాళ్లకు నరాల నొప్పికని గాబాపెంటిన్ మామూలు డోసులో ఇచ్చినా వస్తుంది. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడండి.

పత్తికి, మిర్చికి మందు కొట్టి వచ్చి వణుకుతుంటే కంటిపాప చూడండి. సూదిమొనంత అయి, నోట్లో ఉమ్మి ఊరుతూ, చెమటలు, కండరాలు చిటపట అదురుతుంటే అది పురుగుమందు విషం. బట్టలు తీసేసి సబ్బునీళ్లతో కడిగి, అట్రోపిన్ మొదలుపెట్టి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాలి.

న్యూరో_హన్మకొండ
40 ఏళ్ల లోపు ఎవరికి వణుకు వచ్చినా విల్సన్స్ జబ్బును పక్కన పెట్టకుండా ఇంకో పేరు రాయకండి. రాగి శరీరంలో పేరుకునే జబ్బు ఇది. మందు ఉంది, ఆలస్యమైతే తిరిగి రాని నష్టం ఉంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మి.గ్రా. లోపు ఉందా, 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటిందా, కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో నల్లగుడ్డు అంచున గోధుమ పచ్చ ఉంగరం కనిపించిందా అన్నవి చూడాలి. నరాల లక్షణాలతో వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ ఆ ఉంగరం ఉంటుంది. మేనరికం పెళ్లిళ్ల ఇళ్లలో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించండి, వాళ్లకు లక్షణాలు లేకపోయినా.

మిగతా అందరికీ ఒక్కసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, కాల్షియం చాలు.

ఇంకో రెండు రకాలు గుర్తుంచుకోండి. నిలబడితే కాళ్లు వణికి పడిపోతానేమోనన్న భయం, నడిస్తే గానీ కూర్చుంటే గానీ మాయం. కాలి పిక్క మీద స్టెతస్కోపు పెడితే దూరంగా హెలికాప్టర్ పోతున్నట్టు వినిపిస్తుంది. అది ఆర్థోస్టాటిక్ ట్రెమర్, సెకనుకు 13 నుంచి 18 సార్లు. దానికి క్లోనజిపాం. రెండోది, తల ఒక పక్కకు తిప్పితే వణుకు ఆగి, ఇంకో పక్కకు తిప్పితే పెరిగేది, గదవ మీద వేలు ఆనిస్తే తగ్గేది. అది డిస్టోనియా. దానికి బొటాక్స్ సూది మేలు.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
మందుల విషయానికి వద్దాం. ఎసెన్షియల్ ట్రెమర్ తేలితే ఇక్కడే ప్రొప్రనొలాల్ మొదలుపెట్టవచ్చా?

న్యూరో_హన్మకొండ
పెట్టవచ్చు. దానికి ముందు నాలుగు విషయాలు చూడాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్నాయా? నాడి 60 కంటే తక్కువా? ఈసీజీలో బ్లాక్ ఉందా? గుండె బలహీనతతో కాళ్ల వాపు ఉందా? ఏది ఉన్నా ఇవ్వకండి. షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ పడిపోతే వచ్చే దడ తెలియకుండా పోతుంది, చెమట ఒక్కటే గుర్తు అని చెప్పాలి.

20 మి.గ్రా. పొద్దున, రాత్రి మొదలుపెట్టి వారానికోసారి పెంచండి. చాలామందికి రోజుకు 120 నుంచి 240 మధ్య పని చేస్తుంది. 20 మి.గ్రా. రెండుపూటలా నెలరోజులు ఇచ్చి "మందు పనిచేయలేదు" అని రాసి పంపిన చీటీలకు లెక్కలేదు. అది మందు తప్పు కాదు, డోసు చాలలేదు. ఆపాలంటే రెండు వారాల్లో మెల్లగా దించాలి.

అది కుదరకపోతే ప్రిమిడోన్. రాత్రి పడుకునే ముందు 12.5 నుంచి 25 మి.గ్రా., వారానికి అంతే పెంచుకుంటూ 250 వరకు. మొదటి గోలీకే కొందరికి తల తిరిగి, వాంతి వచ్చి, రోజంతా మత్తుగా పడి ఉంటారు. ఈ సంగతి ముందే చెప్పకపోతే రెండో గోలీ వేసుకోరు. మూడోది టోపిరమేట్. ఒళ్లు తగ్గడం, వేళ్లు తిమ్మిర్లు, కిడ్నీలో రాళ్లు రావచ్చు, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు వద్దు.

ఏ మందుతోనైనా వణుకు సగం తగ్గితే బాగా పనిచేసినట్టు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వకండి. టీ గ్లాసు ఒలకకుండా తాగగలిగితే గెలిచినట్టే.

గోలీల_షాపు_కాజీపేట
ప్రిమిడోన్ రాసే ముందు మీ ఊరి షాపుకు ఫోన్ చేసి ఏ బలం దొరుకుతదో కనుక్కోండి. పెద్ద గోలీని ఇంట్ల కత్తితో నాలుగు ముక్కలు చేస్తే ఏ రెండు ముక్కలూ సమానంగ రావు. గుండె కవాటం మార్పించుకొని రక్తం గడ్డకట్టకుండ అసిట్రోమ్ వాడేటోళ్లకు ప్రిమిడోన్ ఇస్తే ఆ మందు పని తగ్గుతది, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచగ ఉందో చెప్పే లెక్క) పడిపోతది. గర్భం రాకుండ వాడే గోలీలు కూడా అంతే.

సిండోపా గురించి గూడ చెప్త. సిండోపా 110ల లెవోడోపా 100, కార్బిడోపా 10. సిండోపా ప్లస్‌ల లెవోడోపా 100, కార్బిడోపా 25. షాపుల "రెండూ ఒకటే" అని ఒకటి లేకుంటే ఇంకోటి ఇస్తరు. ఒకటి కావు. కడుపుల తిప్పకుండ ఉండాలంటే రోజుకు కార్బిడోపా 70, 75 మి.గ్రా. పడాలె. 110 మూడు పూటలా వేస్తే 30 దాటదు, అందుకే వాంతులు. ప్లస్ మూడు పూటలా అయితే 75 సరిగ్గ సరిపోతది. ఇంక ఆ వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇచ్చిన్రంటే రోగం మళ్లా మొదటికే. ఇయ్యాల్సింది డోంపెరిడోన్, అది గూడ గుండె జబ్బు ఉన్నోళ్లకు ఈసీజీ చూసి.

న్యూరో_హన్మకొండ
చాలా అవసరమైన లెక్క చెప్పారు. మొదలు ప్లస్ సగం గోలీ మూడు పూటలా, వారం పది రోజులకు ఒక్కో గోలీ. తిండికి అరగంట ముందు. పప్పు, గుడ్డు, మాంసం, పాలతో కలిస్తే మందు సరిగా ఎక్కదు. ఐరన్ గోలీకి, దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. పార్కిన్సన్స్‌లో బిగుసుకుపోవడం, మాంద్యం తగ్గినంత తొందరగా వణుకు తగ్గదు. రోజుకు 600 మి.గ్రా. వరకైనా చేర్చి కొన్ని వారాలు చూడకుండా "లెవోడోపాకు లొంగలేదు" అనకండి.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
దూలగొండి గింజల పొడి వాడవచ్చా అని అడుగుతున్నారు.

గోలీల_షాపు_కాజీపేట
దూలగొండిల ఉన్నది లెవోడోపానే, నిజమైన మందే. అందుకే భయం. ఏ చెంచాల ఎంత ఉందో తెల్వది, కార్బిడోపా ఉండదు. సిండోపా వాడుకుంట దాని మీద పొడి గూడ తింటే చేతులు కాళ్లు మెలికలు తిరుగుతయి, బీపీ పడిపోతది. వాడుతున్నరా అని కోపం లేకుండ అడగండి, అప్పుడే నిజం చెప్తరు.

ఫిజియో_కరీంనగర్
మందు పని చేసేలోపు ఇంట్లో చేయాల్సినవి రాస్తున్నాను. మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టి గానీ, బల్ల మీద ఆనించి గానీ పని చేయిస్తే వణుకు చాలా తగ్గుతుంది. చేత్తో అన్నం తినేవాళ్లకు చదును పళ్లెం వద్దు, అంచు నిలువుగా లేచిన లోతు పళ్లెం. దాని కింద తడి గుడ్డ పరిస్తే జరగదు. పప్పు, చారు ఎక్కువ పోసి జారుగా కలపకుండా గట్టిగా ముద్ద చేసి ఇవ్వాలి. టీ సగం గ్లాసే పోయాలి, మూత ఉన్న గ్లాసు అయితే మేలు. చెంచా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయండి. మణికట్టుకు బరువు కడితే కొందరికి తగ్గుతుంది, పార్కిన్సన్స్ వాళ్లకు పెద్దగా లాభం ఉండదు, మెడ భుజం నొప్పులు వస్తే తీసేయాలి.

పింఛన్ దగ్గర సంతకం కలవక తిరిగే పెద్దమనుషులు ఎందరో. బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇప్పించండి, లేదా వేలిముద్రకు మార్పించండి. పార్కిన్సన్స్ 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లో ఉంది, సదరం క్యాంపుకు న్యూరాలజిస్టు కాగితాలతో వెళ్లవచ్చు.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
మెదడు ఆపరేషన్ ఎవరికి చెప్పాలి?

డీబీఎస్_నర్స్_జనగామ
రెండు మందులు సరైన డోసులో వాడినా తిండి, రాత, బట్టలు వేసుకోవడం కుదరనివాళ్లకు. మతిమరుపు ముదిరినవాళ్లకు కాదు. ఎసెన్షియల్ ట్రెమర్‌లో మెదడు లోతున ఉండే థలమస్‌లోని విమ్ అనే చోట సన్నని తీగ పెట్టి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు, దీన్నే డీబీఎస్ అంటారు. ఈ పద్ధతికి దారి వేసింది 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం. మన దగ్గర హైదరాబాద్ నిమ్స్‌లో చేస్తారు. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, తర్వాత మార్చాలి, ఆ ఖర్చు కుటుంబానికి ముందే చెప్పాలి. రెండు పక్కలా చేస్తే మాట ముద్దగా రావడం, తూలడం ఎక్కువ.

కోత లేకుండా అల్ట్రాసౌండ్ తరంగాలతో ఆ చోటును కాల్చే పద్ధతికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. అది కాల్చినచోట శాశ్వతం, తర్వాత సరిచేయడానికి ఉండదు. పుర్రె ఎముక తీరు అనుకూలించనివాళ్లకు కుదరదు.

ఫిజియోలకు ఒక హెచ్చరిక. డీబీఎస్ ఉన్నవాళ్లకు ఒంట్లో ఎక్కడా షార్ట్‌వేవ్ డయాథర్మీ (మిషనుతో ఒంటి లోపలికి వేడి పంపే నొప్పి చికిత్స) పెట్టకూడదు. మోకాలి నొప్పికైనా సరే. ఆ వేడి తీగ వెంట మెదడులోకి పోతుంది.

ఫిజియో_కరీంనగర్
డయాథర్మీ మాట ప్రతి సెంటర్‌లో గోడకు రాసి పెట్టాలి. మోకాలికి కరెంటు పెట్టే ముందు చొక్కా విప్పించి ఛాతీ చూడటం అలవాటు చేసుకోవాలి.

పీహెచ్‌సీ_ఏటూరునాగారం
రేపటి ఓపీ నుంచి సంచి, చుట్ట, గ్లాసు మొదలుపెడుతున్నాం. గీసిన కాగితాలు రోగికే ఇచ్చి పంపాలా, మేమే ఉంచుకోవాలా?

న్యూరో_హన్మకొండ
మీరు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, కాగితం రోగికి ఇవ్వండి. కాగితం మూలన తేదీ, ఏ చేయి, ఆఖరి గోలీ వేసుకొని ఎన్ని గంటలైంది, ఆ రోజు టీ గానీ కల్లు గానీ తాగారా అన్నవి రాయండి. చేతులు ఒళ్లో పెట్టుకున్న నిమిషం, చాపిన 20 సెకన్లు, నడక కూడా వీడియో తీసి రోగి ఫోన్‌లోనే వేయండి. మా దగ్గరికి వచ్చే రోజు బస్సు ప్రయాణం బడలికకు, కంగారుకు వణుకు తీరు మారిపోతుంది. మీ దగ్గర తీసిన వీడియోనే అసలు చూపు.